రుచి చూడని పులుసు

పిల్లలూ, కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఇది వంట కథే. కానీ విన్నాక మీకు నోరూరుతుందో, మనసు బరువెక్కుతుందో నేను చెప్పలేను.

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో నూకాలు అనే ఎలుగుబంటి తన భర్తతో, ముగ్గురు పిల్లలతో ఒక పెద్ద రాతి గుహలో కాపురం చేస్తుండేది. నూకాలుకి ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. తమ్ముడి పేరు గవరయ్య. అందరికన్నా చిన్నది పైడి. వాళ్లిద్దరూ వాగుకి అవతల, పుట్టింటి కొండ మీదే పక్కపక్క గుహల్లో ఉండేవాళ్లు.

ఎలుగుబంట్లకి ఏడాదికి ఒకటే పెద్ద పండుగ. తొలకరి వాన పడిన మర్నాడు వస్తుంది. ఆ రోజు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు అందరూ ఒకచోట చేరాలి. పక్కపక్కన కూర్చుని తినాలి. అన్నేళ్లూ ఆ వంట వాళ్లమ్మే చేసేది.

ఒక ఏడు వానాకాలంలో అమ్మకి జబ్బు చేసింది. వాగు పొంగి పొర్లుతోంది. నూకాలు రోజూ ఒడ్డు దాకా వచ్చేది. నీళ్లు చూసి వెనక్కి పోయేది. రెండు నెలలు అలాగే గడిచాయి. వాగు తగ్గి ఆమె అవతలికి చేరేసరికి అమ్మ లేదు.

మళ్లీ ఏడు తొలకరి పడింది.

"ఇక పెద్దదాన్ని నేనే. ఈసారి నుంచి పండుగ మా ఇంట్లోనే," అని నూకాలు తమ్ముడికీ చెల్లెలికీ కబురు పెట్టింది.

పండుగ రోజు పొద్దు పొడవకముందే పొయ్యి వెలిగించింది. పనసకాయ కొట్టి, ఆవపెట్టి కూర చేసింది. చింతచిగురు పప్పు చేసింది. ఎండబెట్టిన ఇప్పపూలు దంచి, పూర్ణం చేసి బూరెలు వేసింది. నూనె చిట్లి ముంజేయి కాలింది. అయినా ఆగలేదు. ఎవరైనా 'అమ్మ వంటలా లేదు' అంటారేమోనని లోపల ఒకటే దిగులు.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. గవరయ్య పెళ్లాం పిల్లలతో వచ్చాడు. వెనకాలే పైడి వచ్చింది. నెత్తి మీద ఒక కుండ ఉంది. వాగు దాటి, కొండ ఎక్కి, అంత దూరం దాన్ని మోసుకొచ్చింది. పాపం, చెమటతో తడిసిపోయింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అక్కా, నేనూ ఒకటి వండి తెచ్చాను," అంది.

"ఏమిటే అది?"

"పులుసు. నువ్వు ముందు తిను. దాని సంగతి తర్వాత చెబుతాను."

పిల్లలు కుండ చుట్టూ మూగారు. "అత్తా, భలే వాసన!" అన్నాడు గవరయ్య కొడుకు. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర మాడిపోయిన నూకాలుకి ఆ మాట చురుక్కుమంది. తన వంట గురించి ఇంకా ఎవరూ ఒక్క మాట అనలేదు మరి.

నూకాలు మూత తీసింది. అది దుంపల పులుసు. నువ్వులు బాగా నల్లగా వేయించి, మెత్తగా నూరి కలిపారు. అందుకని పులుసంతా నల్లగా ఉంది.

పిల్లలూ, ఇక్కడే ఆగి చూడండి. నూకాలు ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించుకుని ఉంటే, నాకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. ఆమె ఆ పని చేయలేదు. నవ్వింది.

"ఇదేం పులుసే తల్లీ! పొయ్యిలో బొగ్గులు గానీ కలిపావా?" అంది.

అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వు వినేసరికి నూకాలుకి ఇంకా హుషారొచ్చింది.

"మా ఇంట్లో తిండి లేదనుకున్నావా ఏమిటి, ఇంత దూరం మోసుకొచ్చావు?" అంది.

పైడి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఒక్క చుక్క వేయనీ అక్కా," అంది మెల్లగా.

"వద్దమ్మా వద్దు. పిల్లలకి కడుపునొప్పి వస్తుంది. అటు మూల పెట్టు," అంది నూకాలు.

"బొగ్గు పులుసు! బొగ్గు పులుసు!" అని పిల్లలు పాట కట్టారు. గవరయ్య ఏదో అనబోయాడు. చుట్టూ అందరూ నవ్వుతుంటే తనూ నవ్వేశాడు.

పైడి ఏడవలేదు. మూత పెట్టి కుండని మూలకి జరిపింది. అందరితో పాటు కూర్చుంది. మోదుగాకు విస్తట్లో అక్క వడ్డించినవన్నీ తిన్నది. "బూరెలు బాగా కుదిరాయక్కా," అని కూడా అంది. చెయ్యి కడుక్కుంది. నిండుకుండని మళ్లీ నెత్తికెత్తుకుని, ఎండ తగ్గకముందే బయల్దేరి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు తొలకరి పడింది. గవరయ్య మాత్రం పెళ్లాం పిల్లలతో వచ్చాడు.

"పైడి ఏదిరా?" అని అడిగింది నూకాలు.

"దానికి జలుబు చేసిందట అక్కా."

"అయ్యో," అంది నూకాలు. వడ్డనలో పడి ఆ సంగతి మరిచిపోయింది.

ఆ తర్వాతి ఏడు మళ్లీ అడిగింది. "కాలు బెణికిందట," అన్నాడు గవరయ్య. ఈసారి అక్క ముఖంలోకి చూడకుండా చెప్పాడు. నూకాలుకి అనుమానం వచ్చింది. కానీ పంతం కూడా వచ్చింది. "రావాలని ఉంటే అదే వస్తుంది. కాళ్లు పట్టుకుని పిలవాలా ఏమిటి? నేను పెద్దదాన్ని," అంది.

మూడో ఏడు గవరయ్య ఏ సాకూ చెప్పలేదు. తలొంచుకుని విస్తరి ముందు కూర్చున్నాడు.

నూకాలు చిన్న కూతురు అడిగింది. "అమ్మా, పిన్ని ఇక మనింటికి ఎప్పుడూ రాదా?"

గవరయ్య కలిపిన ముద్దని మళ్లీ విస్తట్లోనే పెట్టేశాడు.

"అక్కా, నీకొక మాట చెప్పాలి. మూడేళ్లుగా చెప్పలేక ఊరుకున్నాను. ఆ రోజు పైడి తెచ్చింది అమ్మ పులుసు."

"అమ్మ పులుసా? అమ్మ ఎప్పుడూ అలాంటిది వండలేదే!"

"మనకి వండలేదు. చిన్నప్పుడు ఆ నలుపు చూసి మనం ముట్టుకోలేదట. అందుకని మానేసిందట. అది అమ్మకి వాళ్లమ్మ నేర్పిన వంట. జబ్బులో అమ్మకి ఏదీ సయించలేదు. ఆ పులుసే కావాలంది. పడుకునే చెబుతుంటే పైడి వండేది. నువ్వులు ఎంతసేపు వేయించాలో, దుంప ఎంత ఉడకాలో ఒక్కొక్కటీ చెప్పేది. ఆ రెండు నెలలూ ఆ పులుసన్నం తినే బతికింది. అప్పుడు నేనూ తిన్నాను."

నూకాలు చేతిలో గరిటె ఆగిపోయింది.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు నవ్వుతున్నావు. పిల్లలందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను అక్కా," అన్నాడు గవరయ్య.

ఆ ఏడు బూరెలు చాలా మిగిలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే నూకాలు బయల్దేరింది. సన్నగా వాన పడుతోంది. వాగు దగ్గర ఒక నీటికుక్క చేపలు పట్టుకుంటోంది.

"ఎక్కడ దాటితే మంచిది బాబూ? మా పైడి ఇంటికి వెళ్లాలి," అని అడిగింది నూకాలు.

"ఆ నల్లరాయి పక్కన లోతు తక్కువ. పైడమ్మ గారికి మీరేమవుతారు?"

"అక్కని."

"అక్కా! ఆవిడకి అక్క ఉందని మాకెవరికీ తెలియదే," అంది నీటికుక్క. "చాలా మంచి తల్లి అండీ. ఈ దారిన పోయేవాళ్లందరికీ అంబలి పోస్తుంది."

నూకాలు వాగు దాటింది.

పైడి గుహ ముందు తుడుస్తోంది. అక్కని చూసి చీపురు పక్కన పెట్టింది. కాళ్లకి నీళ్లిచ్చింది. చాప వేసింది. "వానలో వచ్చావు, తడిశావా?" అని అడిగింది. భోజనం పెట్టింది. ఏ లోటూ చేయలేదు. అదే నూకాలుకి కష్టంగా తోచింది. చిన్నప్పుడు ఈ పైడి అక్క విస్తట్లో చెయ్యి పెట్టి లాక్కుని తినేది. ఇప్పుడు "ఇంకొంచెం వేయమంటావా?" అని అడిగి మరీ వడ్డిస్తోంది. ఎవరో కొత్తవాళ్లకి వడ్డించినట్టు ఉంది.

"పైడీ, తప్పు చేశానే," అంది నూకాలు.

"పోనీలే అక్కా. ఎప్పటి మాటో."

"కోపం ఉంటే తిట్టు. ఇలా ఉండకే."

"కోపం లేదు. మొదటి ఏడు ఉండేది. నువ్వు వస్తావని ఆ ఏడంతా దారి చూశాను. తర్వాత చూడడం మానేశాను."

నూకాలు కళ్లు తుడుచుకుంది. "అమ్మ పులుసట కదే. ముందే ఎందుకు చెప్పలేదు?"

"తిన్నాక చెబుదామనుకున్నాను. పోయే ముందు అమ్మ నన్ను అడిగింది. 'పెద్దది వాగు దాటి రాలేకపోయింది. దానికి ఒక్కసారి ఇది వండి పెట్టవే' అంది. అందుకని తెచ్చాను."

ఆ మాటకి నూకాలు బావురుమంది. పైడి అక్క పక్కన కూర్చుంది. వీపు నిమిరింది. ఎంతైనా చెల్లెలు కదా.

కాసేపటికి నూకాలు తేరుకుని అడిగింది. "ఇప్పుడు వండి పెడతావా? నా కోసం కాదు. అమ్మ అడిగింది కదా."

పైడి పొయ్యి వైపు చూసింది.

"ఆ రోజు తిరిగొస్తూ కుండ మొత్తం వాగులో పోసేశాను. మళ్లీ ఎప్పుడూ వండలేదు. వస్తుందో రాదో మరి. చూద్దాం," అని లేచింది.

దుంపలు ఉడకేసింది. నువ్వులు వేయించింది. నూరి కలిపింది. రుచి చూసి తల అడ్డంగా ఊపింది. "నువ్వులు పచ్చిగా ఉన్నాయి," అంది. రెండోసారి ఇంకాసేపు వేయించింది. ఈసారి చేదు వచ్చింది. "అప్పుడు చెయ్యి దానంతట అదే ఆగేది అక్కా. అమ్మ పక్కనుంచి 'ఇక దించు' అనేది. ఆ తర్వాత అనకపోయినా నాకే తెలిసిపోయేది."

మూడోసారి నల్లగా, చిక్కగా, మంచి వాసనతో పులుసు వచ్చింది. పైడి కళ్లు మూసుకుని రుచి చూసింది. మళ్లీ చూసింది. తేల్చుకోలేకపోయింది. ఒక గరిటె అక్క చేతిలో వేసి, ఆత్రంలో అంతా మరిచిపోయి అడిగింది.

"నువ్వు చెప్పక్కా. ఆ రోజు పులుసుకీ దీనికీ తేడా ఏమిటి?"

నూకాలు పులుసు నోట్లో పెట్టుకుంది. పుల్లగా, కమ్మగా ఉంది. కానీ ఏం చెబుతుంది?

"ఆ రోజు నేను రుచి చూడలేదు కదే," అంది.

పైడి చేతిలోని గరిటెని కుండలో పెట్టేసింది. అప్పటికి గవరయ్య కూడా వాన తగ్గాక అక్క వెనకాలే వచ్చాడు. అతను రెండు గుక్కలు తాగాడు. కాస్త ఆలోచించాడు.

"బాగుంది," అన్నాడు. తర్వాత తలొంచుకుని, "కానీ అమ్మది మాత్రం ఇది కాదు," అన్నాడు.

ముగ్గురూ ఆ పులుసే కలుపుకుని తిన్నారు. పైడి తర్వాత ఎన్నోసార్లు ప్రయత్నించింది. ఒకసారి దగ్గరగా వచ్చేది. ఒకసారి దూరంగా పోయేది. అమ్మ చెప్పినట్టు మాత్రం మళ్లీ కుదరలేదు.

పై ఏడు తొలకరికి పైడి అక్క ఇంటికి వచ్చింది. పిల్లలు ఎగిరి గంతేశారు. ఆ రోజు గవరయ్య పెద్ద కూతురు తన చేత్తో మొదటిసారి గుమ్మడికాయ కూర వండి తెచ్చింది. ముక్కలు సగం ఉడికాయి, సగం చితికిపోయాయి. నూకాలు కొడుకు దాన్ని చూసి నవ్వబోయాడు. నూకాలు వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

నూకాలు ఆ కూర ముందు తన విస్తట్లోనే వేయించుకుంది. నిదానంగా తిన్నది. మళ్లీ వేయించుకుంది.

"ఎలా ఉందత్తా?" అని అడిగింది ఆ పిల్ల బితుకుబితుకుమంటూ.

"ఉప్పు కాస్త ఎక్కువైంది తల్లీ. వచ్చే ఏడు కూడా తప్పకుండా తీసుకురా," అంది నూకాలు.

పిల్ల ముఖం విప్పారింది. ఎదురు వరసలో కూర్చున్న పైడి అదంతా విన్నది. తల వంచుకుని, కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతూ ఉండిపోయింది. నూకాలు అది చూసింది. చూసి కూడా, ఏ మాట చెప్పాలో తెలియక, పక్కవాళ్ల విస్తట్లో పప్పు వడ్డించడానికి లేచి వెళ్లింది.

నీతి: మన కోసం ఎవరైనా ప్రేమగా వండి తెస్తే, నవ్వే ముందు ఒక ముద్ద తిని చూడాలి పిల్లలూ. చేసిన తప్పుకి క్షమాపణ ఎప్పుడైనా అడగవచ్చు. కానీ ఆ రోజు వద్దన్న ముద్ద మళ్లీ దొరకకపోవచ్చు.