రాయబారి ఆవలింత

అనగా అనగా, ఊళ్లకు కోటగోడలు కాపున్న కాలంలో, కపిలగిరి, తామ్రపురి అని రెండు రాజ్యాలు పక్కపక్కనే ఉండేవి. సరిహద్దులోని మేతభూముల కోసం రెండింటికీ యుద్ధం వచ్చింది. ఎవరూ గెలవలేదు. తామ్రపురి రాణి మల్లమాంబ ఒక్కగానొక్క కొడుకు ఆ పోరులో కన్నుమూశాడు. కపిలగిరి సైనికులు కొందరు తామ్రపురి చెరలో చిక్కుకుపోయారు.

వాళ్లను విడిపించుకు రమ్మని కపిలగిరి రాజు విజయకేతుడు మాచనను రాయబారిగా పంపాడు. మాచన గొప్ప మాటకారి. అతను నోరు విప్పితే ఎంతటి కోపమైనా చల్లారుతుందని జనం చెప్పుకునేవారు. ఆ మాట అతని చెవిన కూడా పడింది.

తామ్రపురి సభకు ఒక పద్ధతి ఉంది. ముందుగా యుద్ధంలో పోయినవాళ్ల పేర దీపం వెలిగిస్తారు. తరువాత యుద్ధంలో నష్టపోయిన వాళ్లలో ఒకరు తమ గోడు చెప్పుకుంటారు. ఆ తరువాతే రాయబారి మాట్లాడాలి.

ఆ రోజు కాటయ్య అనే ముసలి రైతు లేచాడు. కపిలగిరి సైనికులు తన ఇల్లు తగలబెట్టిన సంగతి మెల్లగా చెప్పసాగాడు. మాచన కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, తాను చెప్పబోయే మాటలను మనసులో కూర్చుకుంటున్నాడు. అతని పాదం సింహాసనం వైపు ఊగుతోంది. వేళ్లు పీటమీద తాళం వేస్తున్నాయి. కాసేపు పైకప్పు మీది చెక్కడాలు చూశాడు. తరువాత నోటికి చెయ్యైనా అడ్డం పెట్టుకోకుండా బారెడు ఆవలించాడు.

కాటయ్య అది చూసి ఆగిపోయాడు. అతని మాట అయిపోయిందనుకుని మాచన లేచి నిలబడ్డాడు.

ఎంతో చక్కగా మాట్లాడాడు. రాకుమారుడి మరణం తమకూ తీరని లోటన్నాడు. తామ్రపురి కన్నీరు తమ కన్నీరేనన్నాడు. రాణి అంతా విని, వెళ్లి రమ్మంది. ఒక్క సైనికుణ్ణి కూడా విడిచిపెట్టలేదు.

ఆమెది రాతిగుండె అని మాచన తన రాజుకు విన్నవించాడు.

రాజు రెండోసారి సేనాపతి ప్రోలనాయకుణ్ణి పంపాడు. సభ పద్ధతులు తెలిసినవాడు కనుక మాచననూ వెంట వెళ్లమన్నాడు. సేనాపతి తాంబూలం నములుతూనే సభలోకి అడుగుపెట్టాడు. దీపం వెలిగిస్తున్నప్పుడు మాచన చెవి దగ్గరికి వంగి, అక్కడి భటుల తలపాగాల గురించి ఏదో గుసగుసలాడి కిసుక్కున నవ్వాడు. కాటయ్య మళ్లీ తన గోడు మొదలుపెడితే, గోటితో పళ్ల సందులు కుట్టుకుంటూ విన్నాడు. కాస్త సాగేసరికి ముసలివాడి వైపు వేలు చూపించి, ఇంకెంతసేపని సైగ చేశాడు.

మాచనకు సిగ్గేసింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూశారు. ఒక స్త్రీ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. భటుల దవడలు బిగుసుకున్నాయి. కాటయ్య మాట మధ్యలో ఆపి, తానే ఏదో తప్పు చేసినవాడిలా కూర్చుండిపోయాడు.

అంతకుముందు కూడా అతను అలాగే ఆగిపోయాడని మాచనకు అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు ఆగాడో కూడా అర్థమైంది. ఇక ఆ సభలో మాచన తల ఎత్తలేకపోయాడు.

రెండోసారీ ఉత్త చేతులతోనే తిరిగి వచ్చారు. యుద్ధం తప్పదన్నాడు సేనాపతి. మాచన రాజు ముందు నిలబడి, తనను మరొక్కసారి పంపమని వేడుకున్నాడు. ఈసారి ఏ కొత్త మాట చెబుతావని రాజు అడిగాడు.

"మాటలేమీ తీసుకుపోను మహారాజా. ముందు వాళ్లు చెప్పేది వింటాను" అన్నాడు మాచన.

మూడోసారి అతను చెప్పులు బయటే విడిచి సభలోకి వెళ్లాడు. దీపం వెలిగేదాకా చేతులు జోడించి నిలబడ్డాడు. కాటయ్య అతన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. చెప్పడానికి లేవలేదు. మాచన రాణి అనుమతి తీసుకుని ముసలివాడి దగ్గరికి వెళ్లి, ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఆ రోజు మీరు చెబుతుంటే నేను ఆవలించాను. మీ మాట మధ్యలో ఆగిపోయింది నా వల్లే. ఇవాళ చివరిదాకా వింటాను, చెప్పండి."

కాటయ్య అతని వైపు తిరిగాడు. తరువాత చెప్పాడు. సైనికులు ఇంటికి నిప్పు పెట్టినప్పుడు లోపల అతని మనవరాలు నిద్రపోతోంది. ఆ మాట అతను సభలో చెప్పడం అదే మొదటిసారి. అంతకుముందు రెండుసార్లూ కపిలగిరి వాళ్లు అతన్ని అక్కడిదాకా చెప్పనివ్వలేదు. మాచన చూపు మరల్చలేదు, కదలలేదు.

తాను మాట్లాడే వంతు రాగానే మాచన లేచి నిలబడ్డాడు. తమవాళ్లు చేసిన ఘోరం విన్నానని, అయినా తమవాళ్లను ఇమ్మని అడగడానికే వచ్చానని చెప్పి తల వంచాడు.

రాణి మల్లమాంబ అంది: "మొదటిసారి నువ్వు చాలా అందంగా మాట్లాడావు. నా కొడుకు పేరు పదేపదే పలికావు. పలికిన ప్రతిసారీ, కాటయ్య చెబుతుంటే ఆవలించిన నీ ముఖమే నాకు కనిపించింది. నీ మాటను నమ్మాలా, నీ ముఖాన్ని నమ్మాలా?"



రాణి కాటయ్య వైపు తిరిగి, ఏం చేయమంటావని అడిగింది.

"వాళ్ల ఇళ్లలోనూ ఎదురుచూసేవాళ్లు ఉంటారు తల్లీ. పంపించెయ్యండి" అన్నాడు కాటయ్య.

చెర తలుపులు తెరుచుకున్నాయి. సైనికులు ఒక్కొక్కరే వెలుతురులోకి వచ్చారు. వాళ్లలో ఒకడు మాత్రం లేడు. సేనాపతి వచ్చి వెళ్లిన తరువాత అతనికి జ్వరం వచ్చిందని, కోలుకోలేదని తోటివాళ్లు చెప్పారు.

కపిలగిరి కోటవాకిట జనం ఎదురొచ్చారు. కౌగిళ్లు, ఏడుపులు. ఎర్రమ్మ అనే తల్లి ఒక్కో ముఖం దగ్గరా ఆగి చూస్తూ, చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది. కబురు చెప్పడానికి ఒక భటుణ్ణి పంపవచ్చు. మాచన తానే వెళ్లాడు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"అమ్మా, మీ అబ్బాయి లేడు. నేను మొదటిసారే అతన్ని తీసుకురావలసింది. సభలో మర్యాద తప్పాను. అందుకే ఆలస్యమైంది."

ఎర్రమ్మ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. ఆమె లేచేదాకా మాచన కూడా లేవలేదు.

పిల్లలూ, నలుగురిలో ఉన్నప్పుడు మన నోటికంటే ముందు మన ఒళ్లే మాట్లాడుతుంది. ఎదుటివారు తమ బాధ చెప్పుకుంటున్నప్పుడు మన ఒంటిని అదుపులో పెట్టుకోవడమే మర్యాద.