మనకీ ఉంది అబ్జెక్షన్

"ఊళ్ళో ఎవరికైనా తెలివి తక్కువైతే మా ఇంటికొచ్చి సోలెడు పట్టుకెళ్ళండి" అనేవాడు సింహాచలం. ఉండదూ మరి! ఆ ఇంట్లో దాని వాడకమే లేదు, అంతా నిల్వే.

ఆయన భార్య గౌరమ్మది ఒకటే దిగులు. అద్దె పాకలో వానొస్తే ఇంటిల్లిపాదీ ఒకే గొడుగు కింద అన్నం తినాలి. సొంతింటి కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. ఈసారి ఇళ్ళస్థలాల జాబితాలో ఆమె పేరొచ్చింది. అంతే, పాపం, ఆనందంతో ఏడ్చేసింది.

మర్నాడు ఊళ్ళో దండోరా వేశారు. "శనివారం సభ! అబ్జెక్షన్ ఉన్నోళ్ళంతా వొచ్చి సెప్పాలహో!"

"మనకుందేటి?" అంది గౌరమ్మ కంగారుగా.

"నేదంటే పరువేటవుద్దే?" అని సింహాచలం పరుగున పోయి మేష్టారిని అడిగొచ్చాడు. "ఎవులేటన్నా ఒప్పుకోనని అడ్డం సెప్పాలట. గట్టిగా సెప్పాలట. కారణం కూడా ఉండాలట."

ఇంకేముంది, సాధన మొదలు. "అన్నం మాడతంది, దించండ్రా" అంది గౌరమ్మ. "అబ్జెక్షన్!" అన్నాడు పెద్దకొడుకు ఎర్రినాయుడు. అన్నం బొగ్గయింది. "దూడ తాడు తెంపింది, పట్టుకోండ్రా!" "అబ్జెక్షన్!" అన్నాడు చిన్నంనాయుడు. దూడ పాలన్నీ తాగేసింది. "ఓలయ్యో, నీ పంచి అంటుకుందయ్యా!" "అబ్జెక్షన్!" అన్నాడు సింహాచలం, కాలుతున్న పంచెతో వీధంతా గెంతుతూ.

శనివారం సభలో ఆఫీసరు జాబితా చదివాడు. "గౌరమ్మ, రెండు సెంట్లు. ఎవరికైనా అబ్జెక్షన్ ఉందా?"

ఎవరూ పలకలేదు. ఊరి పరువు పోతోందని తండ్రీకొడుకులు ముగ్గురూ ఒక్కసారే లేచారు. "అబ్జెక్షన్!"

"ఎవరయ్యా మీరు?"

"నాను ఆవిడ మొగుణ్ణి బాబూ. ఈళ్ళు కొడుకులు."

"కారణం?"

"తలం ఇస్తే ఇల్లు కట్టేస్తాది బాబూ!" అన్నాడు ఎర్రినాయుడు.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. మంచివాడు కాబట్టి సరిపోయింది. "ఇది రాసుకుంటే స్థలం పోతుందయ్యా. వెనక్కి తీసుకోండి."

గౌరమ్మ చీపురు దొరక్క చేతులతోనే బాది ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. "తీసేసుకున్నాం బాబూ!"

"సరే, కొట్టేశాను. ఇక ఎవరికీ అబ్జెక్షన్ లేదుగా?"

గౌరమ్మ చుట్టూ చూసింది. అంత పెద్దాయన నోరు తెరిచి రెండోసారి అడుగుతున్నాడు. ఇంట్లో అందరూ చెప్పారు, తనొక్కతే చెప్పలేదు. కొంగు సవరించుకుని లేచి, దండం పెట్టింది.

"అబ్జెక్షన్ బాబూ! నా ఇంటికి నాను సెప్పకపోతే ఇంకెవులు సెప్తారు?"