కోనమ్మవ్వ కల్వం, గంగులు మాట

ముందుగా ఆ స్వామికి ఒక దణ్ణం. పిల్లలూ, కాస్త ముందుకు జరగండి. పెద్దలు కూడా ఊఁ కొట్టాలి సుమా, ఊఁ లేని కథ ఉప్పు లేని పప్పు.

అనగా అనగా, అద్దాలు మాట్లాడే రోజుల్లో, వెండికోన అనే రాజ్యం ఉండేది. అక్కడ ప్రతి ఊరి చావడిలోనూ ఒక మాటల అద్దం. దాని ముందు కూర్చుంటే ఎక్కడో కొండల్లో ఉన్న వైద్యుడు ఎదురుగా కనపడతాడు, పలుకుతాడు. బండి కట్టక్కర్లేదు, ఏరు దాటక్కర్లేదు.

అయితే దానికొక కట్టుబాటు ఉంది. వరసలో నిలబడేవాళ్ళు చాలామంది కదా. అందుకని ఏడు రెప్పపాట్ల సేపు ఏ చప్పుడూ లేకపోతే అద్దం మసకబారిపోతుంది, తర్వాతివాళ్ళ వంతు వస్తుంది. మాట ఆగిందంటే పని అయిపోయినట్టేనని రాజుగారి ఉద్దేశం.

రాజుగారి గజశాలలో గంగులు పనిచేసేవాడు. ముప్ఫయ్యేళ్ళ వాడు. మాట అతని బుర్రకు నెమ్మదిగా ఎక్కేది, బదులు ఇంకా నెమ్మదిగా వచ్చేది. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో నడక ఇచ్చాడు, గంగులుకు నిదానం ఇచ్చాడు. భద్రమ్మ అనే ముసలి ఏనుగు మాత్రం గంగులు పెడితేనే కబళం ముట్టేది.

ఒకనాటి పొద్దున చూస్తే భద్రమ్మ కట్టుకొయ్య దగ్గర లేదు. అంతే, గంగులు అన్నం మానేశాడు. మాట మానేశాడు. నాలుగు రోజులకు ఎండుపుల్లలా అయిపోయాడు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కడని అక్క పోలమ్మ భయపడి, చెయ్యి పట్టుకుని చావడికి తీసుకొచ్చింది. మావటి పెద్ద భీమరాజు కూడా వెంట వచ్చాడు.

మొదట అద్దంలో రాజవైద్యుడు కనిపించాడు. "నాయనా, నీ చిత్తవృత్తిని ఆవరించిన ఈ విషాదానికి ఆద్యంతాలు విశదపరచుము" అన్నాడు.

గంగులు బుర్ర ఆ మాటల్లో మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. ఏడు రెప్పపాట్లు గడిచాయి. అద్దం మసకబారింది.

రెండోసారి నగర వైద్యుడు. ఆయన గంగులు వైపు చూడనే లేదు. "ఏమమ్మా, మీవాడికి ఏమిటట?" అని పోలమ్మను అడిగాడు.

"అన్నం తినట్లేదయ్యా."

"అయితే కడుపులో వాతం. శొంఠి కషాయం కాచి పొయ్యి."

కషాయం గంగులు కడుపులో పట్టుమని పది క్షణాలు నిలవలేదు. పోలమ్మ కొంగు మాత్రం తడిసింది.

మూడోసారి కొండమీది కోనమ్మవ్వ కనిపించింది. ఒళ్ళో కల్వం, చేతిలో బండ, పక్కన పలక.

"నేను కోనమ్మను. నీ పేరేంటి నాయనా?" అని అడిగి, మాట్లాడకుండా మందు నూరడం మొదలుపెట్టింది. టక్కు, టక్కు, టక్కు. ఆ చప్పుడుకి అద్దం మసకబారలేదు. వరసలో వెనకున్నవాళ్ళు గొణిగారు. అవ్వ నూరుతూనే ఉంది.

చాలాసేపటికి గంగులు నోరు విప్పాడు. "గంగులు."

"మంచి పేరు." అవ్వ పలకమీద రెండు మొహాలు గీసింది, నవ్వేదొకటి, ఏడ్చేదొకటి. "వీటిలో నువ్వేది?" టక్కు, టక్కు, టక్కు.

గంగులు వేలు అద్దంలో కనపడే ఏడ్చే మొహం మీద ఆగింది.

"ఎందుకు నాయనా?"

ఈసారి ఎంతసేపు నూరిందో ఆ దేవుడికే తెలియాలి. మందు పిండయింది, పిండి దుమ్మయింది. అప్పుడు గంగులు అన్నాడు: "భద్రమ్మ నా మీద నీళ్ళు చిమ్మింది. కోపమొచ్చి, పో అన్నాను. పోయింది."

పోలమ్మ గుండె చెరువైంది. అవ్వ భీమరాజు వైపు చూసింది. "ఏనుగేదయ్యా?"

"మోకాళ్ళు పట్టేశాయని రాజుగారు అడవి మకాంకి పంపారవ్వా. చెప్పినా ఇతనికేం అర్థమవుతుందని చెప్పలేదు."

"నువ్వు చెప్పకపోతే నాకూ అర్థమయ్యేది కాదు నాయనా. అలాగని నన్నూ తెలివితక్కువదాన్ని అంటావా?"

భీమరాజు తలపాగా సర్దుకున్నాడు.

అవ్వ పలకమీద ఏనుగు మోకాలు గీసింది. "భద్రమ్మకు కాళ్ళనొప్పి. రాజుగారు పంపారు. నువ్వు పంపలేదు."

"మళ్ళీ చెప్పవ్వా."

మళ్ళీ చెప్పింది. మరోసారి అడిగితే మూడోసారీ చెప్పింది, గొంతు పెంచకుండా.

"దానికి నా మీద కోపం లేదా?"

"దాన్నే అడుగుదాం పద" అంది అవ్వ. అడవి మకాంలోనూ ఒక అద్దం ఉంది. అవ్వ కబురు పెడితే అక్కడి మావటి భద్రమ్మను అద్దం ముందుకు తెచ్చాడు. "భద్రమ్మా" అని గంగులు పిలిచాడో లేదో, ఏనుగు చెవులు ఊపుతూ తొండమెత్తి ఘీంకరించింది. చావడి పెంకులు గలగలలాడాయి. అద్దమంతా తొండమే.

గంగులు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి అన్నాడు: "అక్కా, ఆకలేస్తోంది."

ఈ వింత విని రాజుగారు అద్దంలోకి వచ్చారు. "అవ్వా, ఏ మందు ఇచ్చావు?"

"నూరానే గాని ఇవ్వలేదు ప్రభూ. మీ అద్దం నిద్రపోకుండా ఉండటానికి నూరాను."

రాజుగారికి తప్పు తెలిసింది. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ అద్దం మసకబారకూడదని కట్టుబాటు మార్పించారు. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి చెప్పమని గంగులునే కూర్చోబెట్టారు. అతను ఒక పూటంతా చూసి, తీరిగ్గా తలూపాడు. ఆ తలూపు చూశాకే కొత్త కట్టుబాటు ఊళ్ళలోని అద్దాలన్నిటికీ వెళ్ళింది.

కాబట్టి బిడ్డలారా, మాట ఆలస్యమైనంత మాత్రాన మనసు లేనట్టు కాదు. బదులు వచ్చేదాకా ఓపిక పట్టడమే సగం వైద్యం.