నక్క తెచ్చిన ఐసు గడ్డ

బత్తాయి తోటలో బోరు పక్కన కొబ్బరాకుల పందిరి ఒకటి ఉంది. తోటమాలి కాయలు కోయించుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాక దాని కింద ముగ్గురు వేసవి గడుపుతున్నారు. సూరమ్మ అనే గేదె, మాణిక్యం అనే మేక, పదకొండు పిల్లల తల్లి పుల్లమ్మ అనే కోడి. చెట్ల నీడ మేకకు సరిపోతుంది గానీ గేదెకు సగం వీపు ఎండలోనే ఉంటుంది. ఇక కోడిపిల్లలకు బయట గద్ద భయం. కాబట్టి ఆ పందిరే వాళ్ళ ఇల్లు.

ఆ రోజు మాణిక్యం పళ్ళ టీ పెట్టింది. పొద్దున్నే నీళ్ళు మరిగించి దించి, టీ పొడి వేసి మూత పెట్టి, చేదెక్కకముందే వడగట్టింది. వేడి మీదే బెల్లం కరిగించింది. చల్లారాక బత్తాయి రసం పిండి, మామిడి ముక్కలు, పుదీనా వేసి, ఇత్తడి బిందెలో పోసి మూతికి అరిటాకు కట్టింది.

"పాలు మర్చిపోయావు," అంది సూరమ్మ. పాలు తన సొంత సరుకు కదా, ఆ లోటు ముందుగా ఆమెకే కనిపించింది.

"బత్తాయి రసంలో పాలు పోస్తే విరిగిపోతాయి పిన్నీ. ఇది పాలు లేకుండా తాగే టీ."

"పాలు లేకపోతే కషాయం అనాలి. టీ అని ఎందుకు పరువు తీయడం?"

"చల్లగా తాగి చూసి అప్పుడు మాట్లాడు. ఆ చల్లబరచడమే ఎలాగో తోచడం లేదు."

సరిగ్గా అప్పుడే కంచె సందులోంచి నక్క బుచ్చిలింగం దూరి వచ్చాడు. వీపు మీద తడి గోనెసంచి. రోడ్డు పక్కన చేపల లారీ ఆపి డ్రైవరు కునుకు తీస్తుంటే, ఊకలో పాతిపెట్టిన ఐసు గడ్డను సంచితో సహా లాక్కొచ్చాడు.

"ఏం వదినా, ఏదో ఘుమఘుమలాడుతోంది," అన్నాడు మాణిక్యంతో. "పాపం, వేడిగా తాగుతారా? నా దగ్గర ఐసుంది. తీసుకోండి. బదులుగా ఈ పందిరి నాకివ్వండి. వానలు పడేదాకా మీరిటు రాకూడదు."

"పిల్లల్ని వేసుకుని నేనెక్కడికి పోను?" అంది పుల్లమ్మ.

"నువ్వు ఉండొచ్చు పుల్లక్కా. పిల్లలుంటే ఇంటికి కళ," అన్నాడు నక్క, పదకొండు మందినీ ఒక్కొక్కరినే ప్రేమగా చూస్తూ.

పుల్లమ్మ రెక్కలు విప్పి పిల్లల్ని లోపలికి లాక్కుంది. "పిన్నీ, వాడితో బేరం వద్దు. పొమ్మను."

ఆమె భయానికి కారణముంది. ఆ తోటలో ఒకసారి 'సరే' అన్నాక మాట వెనక్కి తీసుకునే అలవాటు ఎవరికీ లేదు. ఆ 'సరే' అనే పెద్దరికం సూరమ్మది.

సూరమ్మ మాత్రం తాపీగా నెమరేస్తోంది. "కుర్రాడు ఇంత దూరం మోసుకొచ్చాడు, మాట్లాడనీ. కానీ లింగం, సరుకు చూడకుండా బేరమేమిటి నాయనా? ఊకలో రాయి పెట్టి తెచ్చావేమో."

నక్క రోషంగా సంచి విప్పి, ఊక దులిపి గడ్డ చూపించాడు.

"చేపల కంపు కొడుతోంది," అంది మాణిక్యం ముక్కు ముడిచి.

నక్క బోరు దగ్గరికి పోయి గడ్డను రుద్ది రుద్ది కడిగాడు.

"ఇప్పుడు బాగుంది. ఆ బట్టలుతికే బండ మీద పెట్టు, అందరికీ కనిపిస్తుంది," అంది సూరమ్మ.

బండ పందిరి బయట, ఎండలో ఉంది. దాని మీద పడ్డ నీళ్ళు గాడి వెంట జారి పందిరి కిందున్న తొట్టిలోకి వస్తాయి. నక్క గడ్డను అక్కడ పెట్టి, నీడలోకి వచ్చి సూరమ్మకు ఎదురుగా, బండకు వీపు తిప్పి కూర్చున్నాడు. మాణిక్యం బిందె ఎత్తి ఖాళీ తొట్టిలో దించింది.

"అదెందుకు అక్కడ?"

"కాళ్ళకు అడ్డం పడుతోంది మరిదీ. మీరు మాట్లాడుకోండి."

సూరమ్మ గొంతులోని గడ్డి మరోసారి పైకి తెచ్చుకుని, నమిలి, మింగి, అప్పుడు నోరు విప్పింది. "పొద్దుటి పూట పందిరి నీది. మధ్యాహ్నం మాది."

"పొద్దుట నీడ ఎవడిక్కావాలి పెద్దమ్మా?"

మళ్ళీ నెమరు. "పోనీ, రోజంతా సగం నీది."

"సగమా? ఐసు సగమే తెచ్చానా?"

ఇంకా చాలాసేపు నెమరు. "ముప్పావు తీసుకో. ఆ తడిక పక్క మూల మాకు వదిలేయ్."

పుల్లమ్మ కళ్ళు మూసుకుంది. అక్కడ నక్క 'సరే' అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ గేదె మెత్తబడుతోందని వాడికి అర్థమైంది. మెత్తబడే వాళ్ళను చూస్తే నక్కకు నాలుక ఆగదు.

"మొత్తం కావాలి. రోజూ ఒక గుడ్డు కూడా."

"కోడి పెట్టని రోజు?" అంది సూరమ్మ, నిజంగానే ఆలోచిస్తున్నట్టు.

"పెట్టని రోజు ఒక పిల్ల."

"ఏ రంగుది?"

నక్క ముఖం వెలిగిపోయింది. నల్లవి వేపుడుకు బాగుంటాయనీ, ఎర్రవి ఇంకా వారం పెరగాలనీ, మెడ మీద ఈకలు లేనిదాన్ని పండగకు దాచుకోవచ్చనీ విడమరిచి చెప్పాడు. మధ్యమధ్య సూరమ్మ "ఆహా," "అలాగా," "మళ్ళీ చెప్పు, నాది మందమతి," అంటూ వింది. పుల్లమ్మకు కోపంతో ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"అన్నీ కుదిరినట్టే," అంది చివరికి సూరమ్మ. "ఐసు ఇలా తెచ్చి నా ముందు పెట్టు. 'సరే' అనేస్తాను."

నక్క లేచి వెనక్కి తిరిగాడు. బండ మీద నాలుగు ఊక రేణువులు, కొంచెం తడి. అంతే.

మాణిక్యం తొట్టిలోంచి బిందె పైకి తీసింది. గాడి వెంట వచ్చిన మంచునీళ్ళలో మెడ దాకా మునిగి ఉండడంతో ఇత్తడి మీద చెమట పట్టి బొట్లు బొట్లుగా కారుతోంది. కొబ్బరి చిప్పల్లో టీ పోసింది.

"అది నా ఐసు చలవే," అన్నాడు నక్క.

"మేం ముట్టుకున్నామా నాయనా?" అంది సూరమ్మ. "నువ్వే దులిపావు, నువ్వే కడిగావు, నువ్వే ఎండలో పెట్టావు. మా బిందె మా తొట్టిలో ఉంది."

నక్క నాలుక అప్పటికే జానెడు బయటికొచ్చింది. "పోనీ, ఒక్క చిప్ప పోయండి."

"పోస్తాం," అంది పుల్లమ్మ. "బదులుగా ఏమిస్తావు?"

సూరమ్మ కాళ్ళు ముడుచుకుని కుదురుగా కూర్చుంది. ఇంకో ముద్ద పైకి తెచ్చుకుని నమలసాగింది. "రా లింగం, కూర్చో. నిదానంగా మాట్లాడుకుందాం."

నక్క కంచె దూకి పోయాడు. సందు వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది వాడికి.

నీతి: కరిగిపోయే సరుకు తెచ్చినవాడు బేరం సాగదీయకూడదు.