తామరమడుగు హంస ఎముక

సముద్రానికి కాస్త దగ్గరగా, గొప్పలకు మరీ దగ్గరగా ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని రణదుందుభి భూపాలుడు ఏలేవాడు. ఒకసారి వేటలో గుర్రం మీంచి పడి ఆయన ముందుపళ్ళలో ఒకటి ఊడిపోయింది. అప్పట్నుంచి కొలువులో పళ్ళ మాట ఎత్తినవాడికి దేశబహిష్కారమే. రాజుగారు నవ్వినా ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేవారు.

ఓనాడు పొరుగురాజు, తన చెరువులో ఏటా రాజహంసలు దిగుతాయని కబురంపాడు. ఇక మనవాడికి కునుకు పడితేనా! "మా తాతల నాడు తామరమడుగులోనూ హంసలుండేవని రుజువు చేసినవారికి మడుగు గట్టంతా రాసిస్తాం" అని చాటించాడు. ఆ గట్టు మీద బెస్తలు కాపురాలుంటున్నారు. ఆ సంగతి ఎవరికి పట్టింది?

మర్నాడే ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి మడుగు బురదలోంచి ఓ ఎముక తవ్వించి తెచ్చాడు.

"ప్రభూ! ఇది ప్రాచీన రాజహంస తొడ ఎముక. గుడి స్తంభాల మీదా హంసలు చెక్కి ఉన్నాయి. బెస్తల వలలకు జడిసి అవి వెళ్ళిపోయాయి. వాళ్ళని గట్టు ఖాళీ చేయిస్తే మళ్ళీ వస్తాయి."

"శాస్త్రిగారూ, అవే స్తంభాల మీద ఏనుగు తొండం ఉన్న సింహాలూ చెక్కి ఉన్నాయి. వాటినెవరు తరిమారు?" అన్నాడు పోలన.

పోలన ఆస్థాన విదూషకుడు. వడ్డించిన విస్తరిని కూడా తిరగేసి చూసుకునే అనుమానం మనిషి. అతని మాటకు సభ నవ్వింది గానీ రాజు నవ్వలేదు. "పున్నమికల్లా గట్టు ఖాళీ కావాలి" అన్నాడు.

కోట గుమ్మంలో బెస్తల నూకాలు పోలన కాళ్ళకు అడ్డం పడింది. "మా అత్తకి అత్త కూడా అక్కడే పుట్టింది బాబూ. హంసని చూసిన పాపాన ఎవరూ పోలేదు. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం?"

పోలన చెయ్యందించాడు. "లే అమ్మా, ఇందులో ఏదో తిరకాసుంది" అన్నాడు.

వెనక్కి వెళ్ళి పళ్ళెంలో ఉన్న ఆ ఎముకను చేతిలోకి తీసుకున్నాడు. తరాలు బురదలో నానిన ఎముక నల్లబడాలి కదా, ఇది పచ్చగా ఉందేం? వాసన చూశాడు. బురద కింద ధనియాల వాసన! చివర కొరికిన గాట్లు కనిపించాయి. అటొకటి, ఇటొకటి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ ఎవరిదో తెలుసు. నోరెత్తి చెబితే రేపటికి తనూ బెస్తలతో పాటు మూట కట్టుకోవాల్సిందే.

ఆలోచించి రాజుతో అన్నాడు: "ప్రభూ, ఇంత గొప్ప రుజువు దొరికింది. విందు చేయకపోతే హంసలు అలుగుతాయి. పెద్దబాతు కూరైతే తమరికి ఇష్టం కదా."

విందు జరిగింది. శాస్త్రి ముక్కు మూసుకుని గుమ్మం అవతల నిలబడ్డాడు. రాజు అలవాటు కొద్దీ బాతు తొడ ఎముకను కటుక్కున కొరికి, మూలుగు జుర్రి, విస్తరిలో పడేశాడు.

పోలన హంస ఎముకను తెచ్చి దాని పక్కన పెట్టాడంతే.

రాజు చూశాడు. రెండింటికీ అవే గాట్లు, మధ్యలో అదే ఖాళీ. తెలియకుండానే ఆయన నాలుక ముందుపళ్ళ సందులోకి పోయింది.

"పోలనా, మా తాతల నాటి హంసను..."

"మొన్న ఏకాదశి మర్నాడు తమరే ఆరగించారు ప్రభూ. బెస్తలకేం తెలియదు."

రాజు ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. ఉత్తరీయం జారిపోయినా పట్టించుకోలేదు. ఆ సందును సభంతా మొదటిసారి చూసింది, చూసి తనూ నవ్వింది. శాస్త్రి అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

"గట్టు నీదే పోలనా!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ.

"అది నూకాలు పేరున రాయించండి. నాకు ఈ విస్తరి ఎత్తే పని చాలు."

"ఇంతకీ ఇక్కడ నిజంగా హంసలుండేవంటావా?"

"ఉండే ఉండొచ్చు ప్రభూ. ఈసారి ఎముక దొరికితే ముందు తమరు ఓసారి కొరికి చూడండి."