హంసల అంచు నేసిన తిరుపాలమ్మ

అనగనగా, మన రోజుల్లోనే, ఏటి గట్టున రంగాలపేట అనే నేతగాళ్ళ ఊరు ఉండేది. ఆ ఊళ్లో పట్టుచీరకు హంసల అంచు నేయడం ముగ్గురికే తెలుసు. వాళ్ళలో మేటి తిరుపాలమ్మ.

ముప్పై ఏళ్ళు నేలలో తవ్విన గుంటమగ్గంలో కూర్చుని కూర్చుని ఆమె ఒళ్ళు కొయ్యబారింది. నడుము వంగదు. మోకాలు మడతపడదు. తెగిన పోగు ముడివేయడానికి ముందుకు వాలితే ప్రాణం పోయినంత పనయ్యేది. మూడు నెలలుగా మగ్గం మూలనపడింది.

ఒకనాడు షావుకారు నారాయణశెట్టి వచ్చాడు. ఆమెతో పాటు ఆ అంచు తెలిసిన పక్కింటి కోటిలింగాన్ని, ఎదురింటి శేషమ్మను కూడా పిలిచాడు. వాళ్ళకూ నడుములు పట్టేసే ఉన్నాయి.

"పెద్దింటి పెళ్ళిచీర పని ఒకటి వచ్చింది. హంసల అంచే కావాలట. రెండు నెలల తర్వాత మగ్గానికి నిలువు పోగుల పడుగు వేస్తాను. అప్పటికి గుంటలో దిగి కూర్చోగలిగినవాళ్ళకే పని. ఎవరూ లేకపోతే నేనిచ్చిన మగ్గాలు పక్క ఊరికి పోతాయి" అన్నాడు.

తిరుపాలమ్మ మర్నాడే ఆస్పత్రికి పోయింది. డాక్టరమ్మ చూసి, "ఎముకలు బాగానే ఉన్నాయి. కండరాలు బిగుసుకున్నాయి. రోజూ మెల్లగా సాగదీయాలమ్మా" అంది.

కోడలు హైమావతి ఫోనులో వీడియోలు వెతికి పెట్టింది. వాటిలో నెరిసిన జుట్టు టీచరమ్మ ఒకావిడ చాప మీద కూర్చుని నేర్పిస్తోంది. "నొప్పి మొదలయ్యే చోట ఆగండి. అక్కడే అయిదుసార్లు ఊపిరి తీయండి. రేపు మళ్ళీ రండి" అని ప్రతి పాఠంలోనూ చెబుతుంది. హైమావతి ఆ వీడియోలను మిగతా ఇద్దరికీ పంపింది.

కోటిలింగం మొదటి పాఠం చూసి నవ్వాడు. "ఇవి పిల్లల ఆటలు" అని నేరుగా ఆఖరి పాఠానికి పోయాడు. బలవంతంగా వంగాడు. నడుము కలుక్కుమంది. నాలుగు వారాలు మంచం దిగలేదు.

శేషమ్మ అన్ని పాఠాలూ చూసింది. మంచం మీద పడుకుని, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ మరీ చూసింది. "రేపటి నుంచి మొదలుపెడతా" అని రోజూ అనుకుంది.

తిరుపాలమ్మ తెల్లారగానే చాప పరిచేది. మొదటిరోజు కాళ్ళు చాపి వంగితే వేళ్ళు మోకాళ్ళు దాటలేదు. అక్కడే ఆగి ఊపిరి తీసింది. వారం తిరిగేసరికి జానెడు ముందుకు పోయింది. ఆ తర్వాత పదిరోజులు ఒక్క వేలెడైనా కదల్లేదు.

"నా వల్ల కాదే హైమా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వద్దులే అత్తా. కోటిలింగం మామ ఏమయ్యాడో చూశావుగా. మానెయ్" అంది కోడలు భయపడి.

తిరుపాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆయన నొప్పి చెప్పిన మాట వినలేదు. నేను వింటున్నా. ఆ టీచరమ్మ రేపు రమ్మంది, నేను పోతా. చాప పరుచు."

ఇరవై నాలుగో నాటికి మోకాలు మడిచింది. నలభయ్యో నాటికి గోడ పట్టుకుని గుంటలో దిగింది. యాభయ్యో నాటికి పట్టుకోకుండా దిగింది.

గడువు నాడు షావుకారు వచ్చాడు. కోటిలింగం నడుముకు గుడ్డ చుట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శేషమ్మ పాఠాలన్నీ గడగడా అప్పజెప్పింది కానీ, గుంటలో ఒక కాలు పెట్టగానే "అమ్మో" అని వెనక్కి తీసుకుంది.

"మరి నువ్వు తిరుపాలమ్మా? పొద్దంతా కూర్చోగలవా?" అన్నాడు షావుకారు.

అవునంటే పని చేతికొస్తుంది. హైమావతి కళ్ళతోనే అవునని చెప్పమంది. తిరుపాలమ్మ అబద్ధమాడలేదు.

"కూర్చోలేను శెట్టిగారూ. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు కూర్చుంటా. నడుమ లేచి ఒళ్ళు సాగదీసుకోవాలి. ముప్పై రోజుల పని నాకు నలభై రోజులు పడుతుంది."

షావుకారు ముఖం ముడుచుకుంది. "ఏదీ, దిగి చూపించు" అన్నాడు.

ఆమె మెల్లగా దిగింది. మగ్గం మీద మిగిలిన పాత పడుగులో అవతలి కొసన ఒక పోగు తెగి ఉంది. ముందుకు వాలి, చెయ్యి చాపి, దాన్ని ముడివేసింది. ముఖంలో బాధ లేదు.

షావుకారు వంగి ఆ ముడిని వేలితో లాగి చూశాడు. "ముప్పై రోజుల్లో ఇస్తామని అరవై రోజులు తిప్పినవాళ్ళను చూశాను. నీ నలభై రోజుల మాట నమ్ముతాను. పెళ్ళివారికి నేను చెప్పుకుంటాను. మొదలుపెట్టు" అన్నాడు.

ముప్పై తొమ్మిదో నాటి మధ్యాహ్నం చీర మగ్గం దిగింది. షావుకారు అంచును ఎండకు పట్టి చూశాడు. హంసల మెడల్లో ఎక్కడా తప్పు పోగు లేదు.

"తర్వాతి పడుగు ఎప్పుడు వేయమంటావమ్మా?" అన్నాడు.

"రేపే వేయండి" అంది తిరుపాలమ్మ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడి.

కాబట్టి పిల్లలూ, బిగుసుకున్న ఒళ్ళు తొందరపడితే వంగదు, చూస్తూ కూర్చుంటే వంగదు. చేతనైనంత రోజూ చేసి, చేతనైనంతే చెప్పేవారికి ఒళ్ళూ లొంగుతుంది, పనీ దక్కుతుంది.