కాయున్నప్పుడు నాది, విరిగితే మబ్బుది

అనగనగా ఏటిగట్టున ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో వరాలని ఒక కోడలుపిల్ల. మాట తక్కువ, బుర్ర ఎక్కువ. పక్కిల్లు సూరయ్యది. అతగాడి పెరట్లో పెద్ద మామిడిచెట్టు, సగం కొమ్మలు వరాలు వాళ్ళింటి మీదే. పుల్లటి కాయలే, పచ్చడికి మాత్రం దివ్యంగా ఉంటాయి. ఊఁ అనండి మరి, అప్పుడే కునుకా?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వరాలు మొగుడు పొలానికెళ్ళాడు. వరాలు చంటిపిల్లని వంటింట్లో ఉయ్యాల్లో పడుకోబెట్టి ఏటికెళ్ళింది, రెండు బిందెల నీళ్ళకి. ఇంతలో చెప్పాపెట్టకుండా గాలివాన. పెద్దకొమ్మ విరిగి వంటింటి మీద పడింది. కప్పు కూలింది, గోడ కూలింది. చప్పుడు విని సూరయ్య పెళ్ళాం నూకాలు పరిగెత్తుకొచ్చి, చేతులు చీరుకుపోతున్నా పెంకులు లాగి పిల్లని బయటికి తీసింది. వరాలు వచ్చేసరికి పిల్ల నూకాలు ఒళ్ళో ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నాకే వరాలికి ఊపిరొచ్చింది.

పిల్ల దక్కింది సరే, ఇంటి మాటేమిటి? గోడ పెట్టించమంటే సూరయ్య కాదన్నాడు. తగువు రాజుగారి దగ్గరికెళ్ళింది. అక్కడ సూరయ్య ఏమన్నాడూ? గోడ కూల్చింది కొమ్మట. కొమ్మ విరిచింది గాలట. గాలిని తెచ్చింది వానట. వానని తెచ్చింది మబ్బట. మబ్బుని పట్టుకోక నన్ను పట్టుకుంటారేం అన్నాడు. ఆ రాజు ఉత్త వెర్రిబాగులాడు. నిజమే కదా అని మబ్బుని పట్టుకురమ్మని భటుల్ని పంపబోయాడు.

అప్పుడు వరాలు లేచి మెల్లగా అడిగింది. "బాబాయ్, నిరుడు మా పెరట్లో రాలిన కాయలు మేం ఏరుకుంటే ఏమన్నారు మీరు?"

సూరయ్య నేలచూపులు చూశాడు. "కొమ్మ ఎటు వంగినా నాదే, కాయ నాదే అన్నాను."

"కాయున్నప్పుడు మీదైన కొమ్మ, విరిగినప్పుడు మబ్బుదెలా అయింది?"

సభంతా గొల్లున నవ్వింది. రాజుకీ తెలివొచ్చింది. సూరయ్య గోడ పెట్టాలి, చెట్టు మొదలంటా కొట్టెయ్యాలి అని తీర్పిచ్చాడు.

అక్కడితో ఆగితే వరాలెందుకవుతుంది? చెట్టు కొట్టించొద్దు దొరా, మా మీదికొచ్చిన కొమ్మలు తీయిస్తే చాలు అని దణ్ణం పెట్టింది. నూకాలు పిన్ని కాపరానికొచ్చిన ఏడు తన చేత్తో నాటుకున్న చెట్టది, ఆ పిన్నే లేకపోతే నాకు పిల్ల లేదు అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ నూకాలు కొంగుతో కళ్ళొత్తుకుంది.

మర్నాడే సూరయ్య తనే మట్టి తొక్కి గోడ పెట్టాడు. అది ఆరేదాకా రెండిళ్ళ వంటా నూకాలు పొయ్యి మీదే. ఒకనాడు తింటూ తింటూ, నా మొహం చూసి కాకపోయినా మీ పిన్ని మొహం చూసి చెట్టుంచావమ్మా అన్నాడు సూరయ్య. వరాలు ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు పప్పు వడ్డించింది.

అంచేతర్రా, తగువు తగువే, మేలు మేలే. ఒకటి పట్టుకుని రెండోది మరిచిపోకూడదు. కథేమో కంచి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరాం. పడుకోండిక.